అర్థం కాలేదని చెప్పడానికి ఒక భాష
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కొరియన్ భాష నేర్చుకోవడం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. "గల్ఫ్‌ల ఉండి కొరియా భాష ఎందుకన్నా? నేర్చుకుంటే అరబ్బీ నేర్చుకోవాలె గాని" అని మా రూములోనే అడిగినోళ్ళు ఉన్నారు. న్యాయమైన ప్రశ్నే. ముందు దానికి జవాబు చెప్తాను.

మనం ఉన్న దేశం అరబ్బులది. కానీ సైటు మీద పని చెప్పేది ఎవరు? దుబాయిలో బుర్జ్ ఖలీఫా కట్టిన కంపెనీల్లో కొరియా వాళ్ళ సామ్‌సంగ్ ఒకటి. కువైట్‌లో సముద్రం మీద కట్టిన షేక్ జాబర్ వంతెన పనిలో కొరియా వాళ్ళ హ్యుందాయ్ ఉంది. అబుధాబిలో బరాకా అణు విద్యుత్ కేంద్రం కాంట్రాక్టు 2009 డిసెంబర్‌లో కొరియా వాళ్ళకే వచ్చింది. అక్కడ నాలుగు యూనిట్లు కట్టారు. రిఫైనరీలు, పవర్ ప్లాంట్లు, మెట్రోలు ఎక్కడ చూసినా వాళ్ళు కనిపిస్తారు. మన వీసా మీద సప్లై కంపెనీ పేరు ఉంటుంది గాని, పొద్దున టూల్‌బాక్స్ మీటింగ్‌లో ముందు నిలబడి మాట్లాడేది కొరియా ఆయనే.

ఆయన మాట మన చెవికి ఎట్లా చేరుతుందో చూడండి. కొరియా మేనేజర్ తనకు వచ్చిన ఇంగ్లీషులో ఇంజనీరుకు చెప్తాడు. ఇంజనీరు ఈజిప్టు ఆయనో ఫిలిప్పీన్స్ ఆయనో అయి ఉంటాడు. ఆయన నాలాంటి సూపర్‌వైజర్‌కు చెప్తాడు. నేను ఫోర్‌మన్‌కు హిందీలో చెప్తాను. ఫోర్‌మన్ మీకు చెప్తాడు. నాలుగు నోళ్ళు దాటేసరికి "ఇక్కడ ఆపండి" అన్న మాట "ఇక్కడి దాకా కానియ్యండి" అయినా అవుతుంది. కాంక్రీటు ఒకసారి పోశాక మాట మారిందని తీసేయలేం కదా.

ఇంకో సంగతి. మనందరికీ అన్ని భాషల్లో వచ్చిన మాట ఒకటి ఉంది: "ఓకే సార్." అర్థమైనా ఓకే సార్, కాకపోయినా ఓకే సార్. మళ్ళీ అడిగితే తిడతాడని భయం. పక్కనోడి ముందు చిన్నబోతామని సిగ్గు. దేశంలో మేస్త్రి దగ్గర "ఏందన్నా, మల్లొక్కసారి చెప్పు" అని అడిగే మనిషే ఇక్కడికి వచ్చేసరికి తల ఊపడం నేర్చుకుంటాడు. నేల మీద తల ఊపితే పని చెడుతుంది. ఎత్తు మీద, క్రేన్ కింద తల ఊపితే ప్రాణం పోతుంది. నేను క్లాసులో చేరింది కొరియా పాటల కోసమో సినిమాల కోసమో కాదు. "అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి" అని ఆ మనిషి భాషలోనే మర్యాదగా చెప్పడానికి చేరాను.

క్లాసు వారానికి రెండు రాత్రులు, గంటన్నర. టీచరమ్మ కొరియా ఆవిడ. ఆవిడకు హిందీ రాదు, మాకు కొరియన్ రాదు, ఇద్దరి మధ్యా ఇంగ్లీషు అంతంత మాత్రమే. మొదటి రోజు ఆవిడ "అన్న్యొంగ్ హసెయో" అని నమస్కారం చెప్పగానే వెనకాల ఒక తమ్ముడు "నిన్నే అన్నా అంటుంది" అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వితే నవ్వారు గాని, ఆ మాట ఎవరూ మర్చిపోలేదు.

ఆ భాష మొత్తం కొత్తదని మేము భయపడ్డాం. తెలుగు వచ్చినోడికి అందులో సగం దారి ముందే వేసి ఉంది. ఎట్లాగో చెప్తాను.

మొదట అక్షరాలు. వాళ్ళ లిపి పేరు హంగుల్. సేజోంగ్ అనే రాజు 1443లో తయారు చేయించి 1446లో ప్రజలకు ప్రకటించాడు. అంతకుముందు చైనా అక్షరాలతో రాసేవాళ్ళు. అవి వేల సంఖ్యలో ఉండేవి, చదువుకునే తీరిక ఉన్న దొరలకు తప్ప రైతుకు, కూలికి అందేవి కావు. మామూలు మనిషి కూడా తన మనసులో మాట రాసుకోవాలని ఈ అక్షరాలు చేశానని ఆ రాజే చెప్పుకున్నాడు. ఇప్పుడు వాడుకలో ఉన్న మూల అక్షరాలు 24: హల్లులు 14, అచ్చులు 10. హల్లుల ఆకారాలు నోట్లో నాలుక పెట్టే తీరును చూసి గీశారు. మనకు ఇంకా సులువు. వాళ్ళ క అక్షరం అచ్చం మేస్త్రి చేతిలో మూలమట్టం తిరగేసినట్టు ఉంటుంది. న అక్షరం ఎల్ ఆకారంలో వంచిన కడ్డీ. మ అక్షరం పిల్లర్‌కు కట్టే నలుచదరపు రింగు. కొరియాలో ఒక సామెత ఉంది. కొడవలి ఎదురుగా పెట్టుకుని కూడా క అక్షరం గుర్తుపట్టలేడు అని చదువు రానివాణ్ణి అంటారు. కొడవలి వంపు కూడా ఆ అక్షరం లాగే ఉంటుంది మరి.

ఆ అక్షరాలను కూర్చే పద్ధతి మన గుణింతమే. హల్లుకు అచ్చు కలిపితే ఒక అక్షరం. చిన్నప్పుడు బడిలో మనం క, కా, కి, కీ అని అరిచినట్టే వాళ్ళ పిల్లలు కూడా వరుస కట్టి చదువుతారు. ఇంకో హల్లు వస్తే దాన్ని కింద పెడతారు, మనం ఒత్తు కింద పెట్టినట్టు. అమ్మను వాళ్ళు "ఒమ్మా" అంటారు. రాసేటప్పుడు మొదటి మకారం కిందికి వెళ్తుంది. ఇంగ్లీషులో చదివేవాళ్ళకు ఇది వింతగా ఉంటుందేమో గాని మనకు ఇంటి విద్యే. రెండు వారాల్లో మా క్లాసులో అందరూ బోర్డులు కూడబలుక్కుని చదివారు.

ఉచ్చారణలో మాత్రం తిప్పలు ఉన్నాయి. మనకు క వేరు, గ వేరు. వాళ్ళకు రెండింటికీ ఒకటే అక్షరం. మాట మొదట్లో వస్తే క లాగా, మధ్యలో వస్తే గ లాగా వినిపిస్తుంది. మాంసాన్ని "కోగి" అంటారు. అందులో క, గ రెండూ వాళ్ళు రాసేది ఒకే అక్షరంతో. మన చెవి ఎక్కువ విడదీస్తుంది, అందుకని మొదట్లో గందరగోళం. ఇంకా వాళ్ళకు ఒకే క మూడు రకాలు: మామూలుది, ఊపిరి వదిలేది, గొంతు బిగబట్టేది. ఇది పుస్తకం చూస్తే రాదు, వినాలి. ఒక సంతోషం ఏమిటంటే మనం బస్‌ను బస్సు అన్నట్టే వాళ్ళూ "బొసు" అంటారు. చివర స్‌ను అట్లాగే వదిలేయడం ఇద్దరికీ నచ్చదు.

ఇక వాక్యం. ఇంగ్లీషులో "నేను తింటాను అన్నం" అన్న వరుస. కొరియన్‌లో "నేను అన్నం తింటాను", మన వరుసే. క్రియ చివర్లో వస్తుంది. మన విభక్తులు మాట వెనక అతుక్కున్నట్టు వాళ్ళవీ వెనకే అతుక్కుంటాయి. మన "కూడా"కు వాళ్ళ "దో", మన "నుంచి"కి "బుతొ", మన "వరకు"కు "కాజి". ఎండాకాలంలో మన మధ్యాహ్నం విరామం తెలుసు కదా, ఇక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు పన్నెండున్నర నుంచి మూడు గంటల వరకు ఎండలో పని చేయించకూడదు. దాన్ని కొరియన్‌లో చెప్తే "యొల్‌దు షి బన్ బుతొ, సే షి కాజి." ఒక్కో ముక్క విడదీయండి: పన్నెండు, గంటలు, సగం, నుంచి, మూడు, గంటలు, వరకు. తెలుగు వరసలో పెట్టి మాటలు మార్చినట్టు ఉంది. ఈ ఒక్క వాక్యం మా రూములో గోడ మీద రాసి పెట్టాం.

"ఇగో" అన్న మాట చూడండి. మన పక్క వస్తువు చూపిస్తూ ఇగో అంటాం. కొరియన్‌లో "ఇగొ" అంటే ఇది. "ఇగొ మజాయో?" అంటే ఇది సరేనా అని. చేతిలో డ్రాయింగు పెట్టుకుని ఈ రెండు మాటలు అడిగితే చాలు, సగం పని తప్పులు అక్కడే ఆగిపోతాయి.

మూడో సంగతి మర్యాద. ఇది చాలా ముఖ్యం. మనకు నువ్వు, మీరు ఉన్నట్టే వాళ్ళకూ రెండు తీరులు ఉన్నాయి. క్రియ చివర "యో" చేరిస్తే మన "అండి" లాంటిది. "కా" అంటే పో. "కాసెయో" అంటే వెళ్ళండి. పేరు పెట్టి పిలవరు, హోదా చెప్పి చివర "నిమ్" చేరుస్తారు, మనం మేస్త్రి గారు అన్నట్టు. సైటు పెద్దను "సోజాంగ్‌నిమ్" అంటారు. ఫోర్‌మన్ "బంజాంగ్‌నిమ్".

ఇప్పుడు కష్టం ఎక్కడ వచ్చిందో వినండి. క్లాసుకు రాని మనవాళ్ళకు కూడా కొరియన్ మాటలు కొన్ని వచ్చు. అవి ఎక్కడ నేర్చుకున్నారు? తిట్లు తింటూ నేర్చుకున్నారు. "యా!", "పల్లి పల్లి!", అంటే ఒరేయ్, తొందరగా తొందరగా. వయసులో పెద్దాయన, మా కార్పెంటర్ గ్యాంగులో మంచి పనిమంతుడు, ఒకరోజు మేనేజర్‌ను పిలవాల్సి వచ్చి తనకు తెలిసిన కొరియన్‌లోనే "యా, పల్లి!" అన్నాడు. మేనేజర్ మొహం ఎర్రబడింది. పెద్దాయన తప్పేం లేదు. ఆయనకు మనం వినిపించిన కొరియన్ అంతే. క్లాసులో నేను నేర్చుకున్న పెద్ద పాఠం ఇదేనని అనుకుంటాను: కిందివాడి చెవికి తిట్టు భాష మాత్రమే చేరితే, వాడికి భాష వచ్చినా మర్యాద దక్కదు. మనం మర్యాద భాష నేర్చుకుని మాట్లాడితే, ఎదుటివాడు కూడా "యో" చేర్చి మాట్లాడటం నేను కళ్ళారా చూశాను. అందరూ కాదు, కొందరు. ఆ కొందరైనా చాలు.

నాలుగోది లెక్కలు. ఇక్కడ వాళ్ళు మనల్ని నిజంగా ఏడిపిస్తారు. వాళ్ళకు అంకెలు రెండు వరసలు. సొంత వరస: హనా, తూల్, సెత్, నెత్, తసొత్. చైనా నుంచి వచ్చిన వరస: ఇల్, ఈ, సమ్, సా, ఓ. మనుషులను, వస్తువులను, గంటలను సొంత వరసలో లెక్కపెడతారు. నిమిషాలు, తేదీలు, డబ్బులు, అంతస్తులు, మిల్లీమీటర్లు రెండో వరసలో. అంటే మూడున్నర గంటలు అనే బదులు మూడు గంటల ముప్పై నిమిషాలు అంటే అందులో మూడు ఒక వరస, ముప్పై ఇంకో వరస. పెద్ద లెక్కలు పది వేల చొప్పున కడతారు, దాన్ని "మన్" అంటారు. మన లక్ష వాళ్ళకు పది మన్. మన కోటి వాళ్ళకు వెయ్యి మన్. ఇంగ్లీషు మిలియన్లతో వాళ్ళకూ మనలాగే చిక్కే.

ఈ లెక్కలే ఒకరోజు మా సైటులో పనికొచ్చాయి. మాకు రెండు టవర్ క్రేన్లు. ఒకటో క్రేన్ "ఇల్‌హోగి", రెండో క్రేన్ "ఈహోగి". గాలి రోజు, వాకీటాకీలో గరగర. పైనుంచి కొరియా ఇంజనీరు క్రేన్ లేపమన్నాడు. ఇల్ అన్నాడో ఈ అన్నాడో తెలియలేదు. ఒకటో క్రేన్ కింద స్టీలు కట్టకు స్లింగు ఒక పక్కే వేశారు, ఇద్దరు మనుషులు ఇంకా పక్కనే ఉన్నారు. అక్కడున్న రిగ్గర్ మా క్లాసు తమ్ముడు. ఓకే సార్ అనలేదు. "చమ్‌కన్‌మన్‌యో" అన్నాడు, అంటే ఒక్క నిమిషం ఆగండి అని. తర్వాత "హనా? తూల్?" అని అడిగాడు. "తూల్" అని జవాబు వచ్చింది. ఒకటో క్రేన్ కదలలేదు. ఏమీ జరగలేదు కాబట్టి ఏ రిపోర్టులోనూ ఆ సంగతి రాయలేదు. ఆ సాయంత్రం ఆ ఇద్దరూ ఎప్పటిలాగే మెస్సులో అన్నం తిన్నారు. మరుసటి రోజు నుంచి వాకీటాకీ మీద క్రేన్ నంబర్లు హనా, తూల్ అనే చెప్పాలని అందరికీ చెప్పారు. కొరియా సైన్యంలో కూడా వైర్‌లెస్ మీద ఒకటి, రెండును అట్లాగే పలుకుతారు, చెవి మోసపోకుండా.

ఐదోది, పుస్తకంలో లేని మాటలు. క్లాసులో స్కాఫోల్డింగును "బిగ్యే" అని నేర్పారు. సైటుకు వెళ్తే అందరూ "అషిబా" అంటున్నారు. అది జపాన్ మాట. 1910 నుంచి 1945 దాకా కొరియా జపాన్ చేతి కింద ఉంది, ఆ కాలంలో కట్టుబడి పనిలో చేరిన మాటలు ఇంకా పోలేదు. పని ముగిసిందంటే "షిమాయి" అంటారు, అదీ జపాన్‌దే. మనం తెలుగు మాట్లాడుతూనే "ఖల్లాస్" అన్నట్టు. కాబట్టి క్లాసు పుస్తకం ఒక జేబులో, సైటు మాటలు రాసుకునే చిన్న నోటుబుక్కు ఇంకో జేబులో ఉండాలి. రెండూ కావాలి.

"పన్నెండు గంటలు డ్యూటీ చేసి వచ్చాక చదువు బుర్రకు ఎక్కుతుందా?" అంటారు. ఎక్కదు, నిజమే. మూడో నెలకు మా క్లాసులో సగం మంది మిగిలారు. ఓటీ ఉంటే క్లాసు పోతుంది, క్లాసుకు వస్తే ఓటీ డబ్బులు పోతాయి. ఇంటికి పంపే డబ్బు ముందు పాఠం నిలబడదు. మిగిలినవాళ్ళం చేసిన పని ఏమిటంటే, క్యాంపు నుంచి సైటుకు బస్సులో వెళ్ళే సమయాన్ని వాడుకున్నాం. పొద్దున ఐదు మాటలు, సాయంత్రం అవే ఐదు మాటలు. నీళ్ళ బాటిల్ మీద "మూల్" అని, హెల్మెట్ మీద "అంజొన్మో" అని టేపు అంటించి రాసుకున్నాం. సేజోంగ్ రాజు పేరు మీద కొరియా ప్రభుత్వం నడిపే సంస్థ ఆన్‌లైన్‌లో ఉచిత పాఠాలు పెట్టింది, ఫోన్ ఉంటే చాలు. ఇంకో మాట: మా క్లాసులో అందరికంటే బాగా మాట్లాడింది డిప్లొమా చదివినోళ్ళం కాదు. ఐదో తరగతిలో బడి మానేసిన స్టీల్ ఫిక్సర్. ఆయన తప్పు పోతుందని ఆగడు. విన్నది విన్నట్టు అనేస్తాడు. "చదువు రాదు, నాకేం వస్తది" అనే అన్నలు ఆయన్ను గుర్తు పెట్టుకోండి.

కొరియా వాళ్ళంటే పుట్టుకతోనే మేనేజర్లని మనం అనుకుంటాం. ఒకప్పుడు వాళ్ళూ మనలాగే వచ్చారు. 1960లలో వాళ్ళ మగవాళ్ళు జర్మనీ బొగ్గు గనుల్లోకి, ఆడవాళ్ళు నర్సు పనికి వెళ్ళారు. 1970లలో ఇదే గల్ఫ్‌కు కూలీలుగా వచ్చారు. సౌదీలో జుబైల్ పోర్టు కాంట్రాక్టు 1976లో హ్యుందాయ్‌కు దొరికింది. ఆ పనులకు కొరియా మనుషులే వచ్చి, ఇదే ఎండలో, క్యాంపుల్లో పడుకుని, జీతం ఇంటికి పంపారు. సైటు దిగేటప్పుడు వాళ్ళు ఒకరికొకరు "సుగో హషొస్సుమ్నిదా" అనుకుంటారు. కష్టపడ్డారండీ అని అర్థం. ఆ మాట మనం కూడా అనొచ్చు, మనకూ అనిపించుకోవచ్చు.

చివరగా ఒక హెచ్చరిక. ఇది దయచేసి ఇంటికి ఫోన్ చేసినప్పుడు తమ్ముళ్ళకు, అల్లుళ్ళకు చెప్పండి. "కొరియన్ నేర్చుకుని పరీక్ష రాయి, కొరియాలో ఫ్యాక్టరీ ఉద్యోగం, నెలకు లక్షన్నర" అని ఊళ్ళలో ఏజెంట్లు తిరుగుతున్నారు. కొరియా ప్రభుత్వం 2004 నుంచి ఈపీఎస్ అనే పద్ధతిలో బయటి కార్మికులను తీసుకుంటుంది. దానికి భాషా పరీక్ష ఉంది. కానీ ఆ పద్ధతి ఒప్పందం ఉన్న దేశాలకే. నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంక, పాకిస్తాన్ ఆ జాబితాలో ఉన్నాయి. ఈ రోజు వరకు మన దేశం లేదు. నేపాలీ స్నేహితుడు వెళ్ళాడు కదా అని మనకూ అదే దారి అనుకోవద్దు. టోపిక్ అని ఇంకో పరీక్ష ఉంది, అది ఎవరైనా రాయొచ్చు. మొదటి స్థాయి పేపరు 200 మార్కులు, వినడం, చదవడం మాత్రమే. 80 వస్తే ఒకటో మెట్టు, 140 వస్తే రెండో మెట్టు. అది భాష వచ్చని చెప్పే కాగితం. ఉద్యోగం కాదు, వీసా కాదు. ఆ రెండింటినీ కలిపి చెప్పేవాడు మోసగాడు.

వెల్డర్లు లాంటి నైపుణ్యం ఉన్నవాళ్ళకు అక్కడి కంపెనీయే వీసా పెట్టి తీసుకునే దారి వేరే ఉంది. అట్లా పిలుపు వస్తే ఏజెంటుకు భారత ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూడండి. రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోగలిగిన సర్వీస్ చార్జీ 30,000 రూపాయలు, దానిపై జీఎస్‌టీ. లక్షల్లో అడిగితే అక్కడే ఆగండి. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ ప్రభుత్వ సంస్థలే, ముందు అక్కడ అడగండి.

వేదిక కార్యవర్గానికి నా విన్నపం ఒక్కటే. క్లాసు పెడితే ఓటీ లేని రాత్రి చూసి పెట్టండి, క్యాంపు దగ్గరే పెట్టండి. పుస్తకాలు కొనలేకపోయినా పర్వాలేదు, ఒక బోర్డు, ఒక మార్కరు చాలు. అక్షరాలు నేర్పడానికి మా బ్యాచ్ వాళ్ళం ముగ్గురం వస్తాం.

ఈలోపు ఈ ఐదు మాటలు రాసుకోండి.

"మొరుగెస్సుమ్నిదా": నాకు తెలియలేదండి.
"తాషి హన్‌బొన్ మల్సుమ్హే జుసెయో": ఇంకోసారి చెప్పండి.
"చొన్‌చొన్‌హి": నిదానంగా.
"వీహొమ్హెయో": ప్రమాదం అండి.
"అపాయో": నొప్పిగా ఉందండి. దీని ముందు "హొరిగా" చేరిస్తే నడుము నొప్పి, "మొరిగా" చేరిస్తే తలనొప్పి.

ఇవి వస్తే గొప్ప పండితులం కాము. కానీ రేపు పొద్దున టూల్‌బాక్స్ మీటింగ్‌లో మాట తెలియనప్పుడు తల ఊపకుండా చెయ్యి ఎత్తగలుగుతాం.